మంచు సముద్రంలో గ్యాస్ అన్వేషణకు మన ప్రభుత్వ కంపెనీలు వాటా తీసుకోవద్దు: పెట్రోలియం మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర పెట్రోలియం, సహజవాయువు శాఖ మంత్రిగారికి,
ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియా, గెయిల్ పాలకమండళ్ల సభ్యులకు,

నమస్కారం.

2022 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఆర్కిటిక్ (ఉత్తర ధ్రువ ప్రాంత) విధానాన్ని విడుదల చేసింది. అందులో ఆర్థిక సహకారం అన్న భాగంలో, అక్కడి సహజ వనరుల అన్వేషణలోనూ సముద్ర తవ్వకాలలోనూ పెట్టుబడి అవకాశాలు వెతకాలని ఉంది. ఆ అన్వేషణ బాధ్యతగా జరగాలని కూడా రాశారు. బాధ్యత అంటే ఏమిటో, దాన్ని ఏ కొలతతో చూడాలో, ఎక్కడ వద్దనాలో మాత్రం రాయలేదు. మా లేఖ ఆ ఖాళీ గురించే.

మేం డ్రిల్లింగ్, సిమెంటింగ్, వెల్ కంట్రోల్, సముద్రగర్భ పైపులైన్ల పనులు తెలిసిన ఇంజనీర్లం. గ్యాస్‌కు వ్యతిరేకులం కాము. ఎరువుల ఫ్యాక్టరీలకు, సీఎన్‌జీ బంకులకు, పేదింటి పొయ్యికి గ్యాస్ కావాలని మాకూ తెలుసు. ఇప్పటికే నడుస్తున్న క్షేత్రాలను మూసేయమనడం లేదు. మేం కోరేది ఒక్కటే. సముద్రం గడ్డకట్టే ధ్రువ ప్రాంతాల్లో కొత్త అన్వేషణ లైసెన్సుల్లో మన ప్రభుత్వ రంగ సంస్థలు ఒక్క రూపాయి కూడా పెట్టకూడదు. అక్కడ బావి అదుపు తప్పితే, మంచు కమ్ముకొచ్చేలోగా దాన్ని మూసి తీరతామని ఇవాళ ఏ కంపెనీ కూడా హామీ ఇవ్వగల స్థితిలో లేదు. ఆ హామీ లేనిచోట తవ్వకూడదన్నది మా వృత్తిలో ప్రాథమిక నియమం.

అక్కడ గ్యాస్ లేదని కాదు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2008లో వేసిన అంచనా ప్రకారం ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఇంకా కనిపెట్టని గ్యాస్ 1,669 లక్షల కోట్ల ఘనపుటడుగులు. ప్రపంచంలో కనిపెట్టని గ్యాస్‌లో అది దాదాపు 30 శాతం. ఈ అంకెను పెట్టుబడి సమావేశాల్లో అందరూ చూపిస్తారు. అదే నివేదికలో ఉన్న ఇంకో అంకెను అంత తరచుగా చూపించరు: ఆ చమురు, గ్యాస్ నిల్వల్లో సుమారు 84 శాతం సముద్రం అడుగున ఉంది. అంటే 'ఆర్కిటిక్ గ్యాస్' అనగానే మనం మాట్లాడుతున్నది ప్రధానంగా మంచు సముద్రంలో తవ్వకం గురించే.

బ్లోఅవుట్ (అదుపు తప్పిన బావి నుంచి గ్యాస్, నూనె ఎగదన్నడం) అంటే కోనసీమ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుంది. మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. అది నేల మీది బావి. తారురోడ్డు ఉంది, పక్కనే కాలువల్లో కావలసినంత నీళ్లున్నాయి, క్రేన్లు లారీల మీద వచ్చాయి, విదేశీ నిపుణులు విమానం దిగి కార్లో చేరుకున్నారు. ఇన్ని ఉండి 65 రోజులు. 2009లో ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో మోంటారా బావి అదుపు తప్పినప్పుడు 74 రోజులు పట్టింది. రిలీఫ్ వెల్, అంటే అసలు బావిని లోతులో తాకి మూసేందుకు పక్కనుంచి తవ్వే బావి, అయిదో ప్రయత్నంలో గాని దాన్ని తాకలేదు. 2010లో మెక్సికో సింధుశాఖలోని మకాండో బావి 87 రోజులు కక్కింది. చుట్టూ రిగ్గులు, రేవులు, వేల పడవలు ఉన్న సముద్రం అది. మే 2న రిలీఫ్ వెల్ మొదలుపెడితే, దాని ద్వారా అసలు బావిని పూర్తిగా మూసేసరికి సెప్టెంబర్ 19 అయింది.

ఇప్పుడు ఇదే పనిని అలాస్కాకు వాయవ్యాన ఉన్న చుక్చీ సముద్రంలోకి తీసుకెళ్దాం. అక్కడ రిగ్ నిలబడగలిగేంత తెరిపి నీరు జూలైలో వస్తుంది, అక్టోబర్ చివరికి మూసుకుపోవడం మొదలవుతుంది. మొత్తం చూసుకుంటే నాలుగు నెలలు.

సెప్టెంబర్ రెండో వారంలో బావి తన్నిందనుకోండి. బావి నోటిని మూసే వాల్వుల సముదాయం, బీఓపీ, పనిచేయలేదు. రిలీఫ్ వెల్ తవ్వడానికి రెండో రిగ్ పిలవాలి. అది అదే సముద్రంలో ఖాళీగా కాచుకుని ఉంటే రెండు మూడు రోజుల్లో వస్తుంది. ఐరోపాలోని నార్త్ సీ నుంచో సింగపూర్ నుంచో రావాలంటే నెల దాటుతుంది, సీజన్ అక్కడితో సరి. రిగ్ వచ్చాక ముందు సముద్రం అడుగున సెల్లార్ తవ్వాలి. నేల మీది రిగ్గుల దగ్గర ఉండే సెల్లార్‌లాంటిది కాదు ఇది. తేలే మంచుగడ్డల అడుగుభాగం సముద్రపు నేలను దున్నుకుంటూ పోతుంది. ఆ దెబ్బ తగలకుండా వెల్‌హెడ్‌నీ (బావి నోటి అమరికనీ) బీఓపీనీ గోతిలోకి దింపాలి. చుక్చీలో బర్గర్ అనే చోట షెల్ కంపెనీ తవ్విన సెల్లార్ లోతు దాదాపు 40 అడుగులు. దానికే వారం. తర్వాత కండక్టర్, సర్ఫేస్ కేసింగ్ అనే ఉక్కు గొట్టాలు దింపడం, సిమెంట్ పట్టేదాకా ఆగడం, బీఓపీ కూర్చోబెట్టి ప్రెషర్ టెస్ట్. ఆ తర్వాత ఏటవాలుగా తవ్వుకుంటూ వెళ్లి, వేల అడుగుల లోతులో అసలు బావి 9 5/8 అంగుళాల కేసింగ్‌ను వెతికి పట్టుకోవాలి. కొంత తవ్వడం, స్ట్రింగ్ (తవ్వే గొట్టాల వరుస) బయటికి లాగడం, అయస్కాంత పరికరం దింపి దూరం, దిశ కొలవడం, దిశ సరిచేసి మళ్లీ తవ్వడం. ఇలా ఎన్నిసార్లు చేయాల్సి వస్తుందో ముందు చెప్పలేం. తాకాక, పైకి తన్నుకొచ్చే గ్యాస్‌ను అణిచేంత వేగంతో బరువైన మడ్ (బావిలోకి పంపే చిక్కని ద్రవం) పంపాలి. పంపు వేగం చాలకపోతే పంపిన మడ్‌ను గ్యాసే ఎగదన్నేస్తుంది. అందుకని బావి ఘనపరిమాణానికి రెండు మూడింతల కిల్ మడ్ డెక్ మీద తయారుగా ఉండాలి, అదీ గడ్డకట్టకుండా. చివరికి సిమెంట్.

అన్నీ కలిసొస్తే మా లెక్కలో 40 నుంచి 55 రోజులు. సెప్టెంబర్ రెండో వారానికి 50 రోజులు కలిపితే నవంబర్ వచ్చేస్తుంది. అప్పటికి రిగ్ చుట్టూ మంచు. పని సగంలో వదిలేసి వెనక్కి రావాల్సిందే. మళ్లీ వెళ్లేది జూలైలో. ఈలోగా ఎనిమిది తొమ్మిది నెలలు ఆ బావి మంచు కింద పారుతూనే ఉంటుంది.

ఈ లెక్క తెలిసే కెనడా 1976 నుంచి తన ఆర్కిటిక్ సముద్రంలో 'అదే సీజన్‌లో రిలీఫ్ వెల్' అనే షరతు పెట్టుకుంది. తీసేయమని కంపెనీలు చాలా ఒత్తిడి తెచ్చినా 2011 సమీక్షలో కూడా దాన్ని వదల్లేదు. అమెరికా 2016 జూలైలో తెచ్చిన నిబంధన ఇంకా సూటిగా ఉంది. బావి అదుపు తప్పిన 24 గంటల్లో క్యాపింగ్ స్టాక్ (బావి నోటికి బిగించే భారీ మూత) అక్కడికి చేరాలి, 7 రోజుల్లో గ్యాస్‌నూ నూనెనూ పట్టే గోపురం రావాలి, రిలీఫ్ రిగ్ వచ్చి, బావి అదుపు తప్పిన నాటి నుంచి 45 రోజులు మించకుండా, మంచు రాకముందే పని ముగించాలి. అంతకు ముందు 2012లో షెల్‌కు ఇచ్చిన అనుమతిలో, మంచు వస్తుందని అంచనా వేసిన నవంబర్ 1కి 38 రోజుల ముందే చమురు, గ్యాస్ పొరల్లో తవ్వకం ఆపేయాలన్నారు. అసలే నాలుగు నెలల సీజన్, అందులో ఇలా కోసేస్తే ఒక బావి కూడా పూర్తికాదు. ఖర్చు తట్టుకోలేక కంపెనీలు ఈ షరతునే తప్పుబడతాయి. షరతు మాత్రం అక్షరాలా సరైనది. తట్టుకోలేనిది అక్కడి సముద్రం.

ఇది కాగితం మీది భయం కాదనడానికి షెల్ అనుభవమే చాలు. 2012 సెప్టెంబర్ 9న బర్గర్ దగ్గర తవ్వకం మొదలైంది. మర్నాడే ఆపేశారు. సుమారు 30 మైళ్ల పొడవు, 12 మైళ్ల వెడల్పున్న మంచు పలక రిగ్ వైపు కదిలి వస్తోంది. లంగర్లు విప్పుకుని ఓడ పక్కకు తప్పుకుంది. అదే నెలలో, బావి నుంచి కక్కేదాన్ని పట్టడానికి చేయించిన ఉక్కు గోపురం వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో, ప్రశాంతమైన నీళ్లలో పరీక్ష పెడితే నలిగిపోయింది. డిసెంబర్‌లో కుల్లుక్ అనే రిగ్‌ను దక్షిణానికి లాక్కెళ్తుండగా తాడు తెగింది. తెగిన చోట ఉన్నది ఒక షాకిల్, తాడును బిగించే ఉక్కు కొండి. లాగుతున్న ఓడలో నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి, ఇంధనంలోకి నీళ్లు చేరాయి. 18 మంది సిబ్బందిని హెలికాప్టర్లలో దింపారు. డిసెంబర్ 31న రిగ్ కోడియాక్ దగ్గర ఒక దీవి ఒడ్డుకు కొట్టుకుపోయింది. మంచును విరగ్గొట్టేలా ప్రత్యేకంగా గుండ్రని పొట్టతో కట్టిన రిగ్ అది. దాన్ని దెబ్బతీసింది మంచు కూడా కాదు, ఒక షాకిల్, కొంత మురికి డీజిల్, చలికాలపు తుపాను.

2015లో మళ్లీ వెళ్లారు. క్యాపింగ్ స్టాక్ మోసుకెళ్లే ఫెన్నికా అనే ఐస్‌బ్రేకర్ జూలై మొదట్లో డచ్ హార్బర్ దాటుతూనే మ్యాపులో లేని మెరకను రాసుకుంది. పొట్టకు మూడడుగుల పైన చీలిక. మరమ్మతుకు పోర్ట్‌లండ్ దాకా వెళ్లి రావాల్సి వచ్చింది. ఆపదలో 24 గంటల్లో చేరాల్సిన పరికరం నెల రోజులు సీన్‌లో లేదన్నమాట. ఆ ఏడాది 6,800 అడుగులు తవ్వి, లాభసాటి నిల్వ లేదని సెప్టెంబర్ 28న వదిలేశారు. అప్పటికి ఖర్చు సుమారు 700 కోట్ల డాలర్లు. ప్రపంచంలో ఇంతకన్నా డబ్బున్న, అనుభవమున్న కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఓఎన్‌జీసీ విదేశ్ అలాంటిచోట 20 శాతమో 26 శాతమో వాటాదారుగా చేరితే నిర్ణయాలు మన చేతిలో ఉండవు, నష్టంలో వాటా మాత్రం ఉంటుంది.

'మేం వెతికేది గ్యాస్, చమురు కాదు. గ్యాస్ లీకయితే గాలిలో కలిసిపోతుంది' అని ఒక వాదన తరచుగా వినిపిస్తుంది. ఈ మాటను మంత్రిత్వ శాఖ ఫైళ్లలోకి రానివ్వకండి. అన్వేషణ బావి అంటేనే కింద ఏముందో తెలియని బావి. బర్గర్‌లో 1990 ప్రాంతంలో దొరికింది గ్యాస్, కండెన్సేట్. 2015లో అక్కడికే చమురు కోసం వెళ్లారు. కండెన్సేట్ అంటే తేలిక నూనె, గ్యాస్‌తో కలిసే వస్తుంది, చేపపిల్లలకు విషం. పైగా చుక్చీలో నీటి లోతు 150 అడుగులే. లోతు తక్కువైతే పని సులువనుకుంటారు. గ్యాస్ బావికి అది తిరగబడుతుంది. గ్యాస్ చెదిరే వ్యవధి లేక బావి నెత్తిమీదే నీళ్లు కుతకుతలాడతాయి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. క్యాపింగ్ స్టాక్ దింపే ఓడ నిలబడాల్సింది సరిగ్గా అక్కడే. పక్కనుంచి ఏటవాలుగా దింపే పరికరాలు ఉన్నాయి గాని, వాటిని కదిలే మంచు మధ్య నిజమైన బ్లోఅవుట్ మీద వాడి చూసిన దాఖలా లేదు.

మంచు కిందికి చేరిన నూనె సంగతి ఇంకో రకం. కొత్తగా కట్టే మంచు దాన్ని ఒకటి రెండు రోజుల్లోనే తనలో బంధించేసుకుంటుంది. ఆ మంచు కదిలిపోతుంది. వసంతంలో ఉప్పునీటి సన్నని దారుల గుండా నూనె పైకి ఊరుతుంది, విడుదలైన చోటికి వందల కిలోమీటర్ల దూరంలో. నీటి మీద మూడో వంతుకు మించి మంచు ఉంటే బూమ్‌లు (నూనెను చెదరకుండా ఆపే తేలే అడ్డుకట్టలు) పనిచేయవు. మకాండోలో, మంచు అనేదే లేని వెచ్చని సముద్రంలో, నీటి మీది నూనెను తోడే స్కిమ్మర్లతో పట్టుకోగలిగింది మొత్తం నూనెలో 3 శాతమే, కాల్చగలిగింది 5 శాతం. నవంబర్ నుంచి జనవరి దాకా సూర్యుడు కనిపించని చోట ఎంత పట్టగలరో తమరే ఊహించండి.

హైడ్రేట్ల గురించి ఇక్కడే చెప్పాలి. గ్యాస్, నీళ్లు, చలి, పీడనం నాలుగూ కలిస్తే మంచులాంటి గడ్డ కడుతుంది. 4 డిగ్రీల దగ్గర మీథేన్‌కు 40 బార్ పీడనం చాలు. సున్నా డిగ్రీల దగ్గర 26 బారే చాలు, అంటే 260 మీటర్ల నీటి లోతు. మకాండోలో మొదట దింపిన గోపురం పనికిరాకుండా పోయింది ఇందుకే: లోపల హైడ్రేట్లు కట్టి దారి మూసుకుపోయింది. సముద్రపు గ్యాస్ ఒడ్డుకు చేరే గాడిమొగ టెర్మినల్‌లో పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ గొడవ, గడ్డకట్టకుండా ఆపే ఎంఈజీ (ఒక గ్లైకాల్) ద్రవం పంపకపోతే సముద్రం అడుగు లైన్లు మూసుకుపోతాయి. నార్వేలో స్నోవిట్ క్షేత్రం నుంచి ఒడ్డుకు 143 కిలోమీటర్ల లైను ఇలాగే ఎంఈజీతో నడుస్తోంది, నడిపించవచ్చు. అయితే ఎంఈజీ పంపు ఆగినా, డీహైడ్రేషన్ (గ్యాస్‌లోని నీటిని తీసేయడం) సరిగా లేకపోయినా ఏమవుతుందన్నదే ప్రశ్న. 2014 జూన్‌లో కోనసీమలోని నగరం అనే ఊళ్లో పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. నీళ్లు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాస్‌ను పంపడం, పైపు లోపలినుంచి తినేయడం అక్కడి కారణాలు. ఊరి మధ్య లైనులోనే ఆ తనిఖీ తప్పింది. ఏడాదిలో ఎక్కువ రోజులు మంచు కింద ఉండే లైనును తెరిచి చూసేదెవరు?

స్నోవిట్ పేరు ఎత్తాం కాబట్టి ఒక తేడా స్పష్టం చేయాలి. స్నోవిట్ ఉన్న బేరెంట్స్ సముద్రపు దక్షిణ భాగానికి అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వస్తుంది, అక్కడ నీరు గడ్డకట్టదు. రిలీఫ్ రిగ్ ఏడాదంతా వెళ్లగలదు. 'ఆర్కిటిక్' అన్న ముద్ర వేసి దాన్నీ చుక్చీనీ రష్యా ఉత్తరాన ఉన్న కారా సముద్రాన్నీ ఒకే గాటన కట్టడం సాంకేతికంగా తప్పు. అలాగని స్నోవిట్ సాఫీగా నడిచిందనీ కాదు. 2020 సెప్టెంబర్ 28న హమ్మర్‌ఫెస్ట్ దగ్గర ఈ గ్యాస్‌ను ద్రవంగా మార్చే ఎల్‌ఎన్‌జీ ప్లాంట్‌లో మంట లేచింది. మళ్లీ నడవడానికి 2022 మధ్య దాకా ఆగాల్సి వచ్చింది.

నేల మీద తవ్వితే ఈ బాధ లేదా అంటే, అక్కడ పర్మాఫ్రాస్ట్ ఉంది. అలాస్కా ప్రుడో బేలో ఈ గడ్డకట్టిన నేల 600 మీటర్ల దాకా ఉంటుంది. కింది నుంచి వచ్చే గ్యాస్, నూనె వేడిగా ఉంటాయి. ఆ వేడికి బావి చుట్టూ నేల కరిగి కుంగుతుంది, కుంగుతూ కేసింగ్‌ను కిందికి లాగుతుంది. 2017 ఏప్రిల్‌లో ప్రుడో బేలో సరిగ్గా ఇదే జరిగింది. సర్ఫేస్ కేసింగ్ షూను (గొట్టం అడుగు కొసను) పర్మాఫ్రాస్ట్ లోపలే ఆపేసిన పాత డిజైన్ బావి. నేల కుంగి కేసింగ్ వంగింది, వెల్‌హెడ్ మూడు నాలుగు అడుగులు పైకి లేచింది, గ్యాస్ చిమ్మింది. అదే డిజైన్‌లో ఉన్న మరో 14 బావులను ఆపరేటర్ మూసేసుకోవాల్సి వచ్చింది. 2022 మార్చిలో అలాస్కాలోనే ఆల్పైన్ క్షేత్రంలో లోతు తక్కువ పొరలోని గ్యాస్, బావి చుట్టూ కరిగిన పర్మాఫ్రాస్ట్ గుండా దారి చేసుకుని బయటపడింది. 300 మంది సిబ్బందిని పంపించేశారు, పక్కనున్న నుయిక్సుట్ గ్రామంలో కొన్ని కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లాయి.

దీనికి మందు ఉంది. షూను పర్మాఫ్రాస్ట్ దాటించి గట్టి పొరలో కూర్చోబెట్టాలి, గట్టిపడేటప్పుడు వేడి తక్కువ పుట్టించే సిమెంట్ వాడాలి, వాక్యూమ్ ఇన్సులేషన్ ఉన్న ట్యూబింగ్ దింపాలి, ప్యాడ్ కింద, నేలలోని వేడిని బయటికి పంపే థర్మోసైఫన్లు పెట్టాలి. ఇవన్నీ చేయగలిగినవే. కాకపోతే ఇవన్నీ నేల ఉష్ణోగ్రత ఇంత ఉంటుందన్న లెక్క మీద కట్టే డిజైన్లు. 1979 నుంచి ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. ముప్పై ఏళ్లు నిలవాల్సిన బావికి ఇవాళ్టి నేల ఉష్ణోగ్రత ఎందుకూ పనికిరాదు. 2020 మే 29న రష్యాలోని నోరిల్స్క్‌లో డీజిల్ ట్యాంకు పగిలి సుమారు 21,000 టన్నులు నేలలోనూ నదుల్లోనూ కలిసింది. కంపెనీ 14,600 కోట్ల రూబుళ్ల పరిహారం కట్టాల్సి వచ్చింది. ట్యాంకు కింది ఆధారాలు కుంగడమే మూలం.

ఇక డబ్బు సంగతి. స్నోవిట్ 1984లో దొరికింది, గ్యాస్ వచ్చింది 2007లో. రష్యాలో ష్టోక్‌మన్ 1988లో దొరికింది, ఒడ్డుకు 600 కిలోమీటర్ల దూరంలో, 340 మీటర్ల నీటిలో. 3.8 లక్షల కోట్ల ఘనమీటర్ల గ్యాస్. నార్వే, ఫ్రాన్స్ కంపెనీలు భాగస్వాములు. 2012లో పక్కన పెట్టేశారు, ఇవాళ్టికీ ఒక్క ఘనమీటరు అమ్మలేదు. కారా సముద్రంలో 2014లో ఎక్సాన్, రోస్‌నెఫ్ట్ కలిసి తవ్విన బావిలో నిల్వ దొరికింది, కాని అదే సమయంలో రష్యా మీద ఆంక్షలొచ్చి రిగ్ వెనక్కి వచ్చేసింది. గ్రీన్‌లండ్‌లో కెయిర్న్ కంపెనీ 2010, 2011లలో ఎనిమిది బావులు తవ్వింది, మంచుకొండలను తాళ్లతో పక్కకు లాగించుకుంటూ. ఏదీ పండలేదు. 2021లో గ్రీన్‌లండ్ ప్రభుత్వమే కొత్త అన్వేషణ ఆపేసింది. కెనడా 2016లో ఆర్కిటిక్ సముద్రంలో కొత్త లైసెన్సులు నిలిపేసింది. ఇవాళ లైసెన్సు తీసుకుంటే గ్యాస్ వచ్చేది 2045 ప్రాంతంలో. 2070కి కర్బన ఉద్గారాలు నికరంగా సున్నాకు తెస్తామని మనం మాట ఇచ్చాం. ఆ గ్యాస్‌ను ఎన్నేళ్లు, ఎవరికి అమ్ముదామని?

మన సొంత అనుభవం కూడా తక్కువేం కాదు. రష్యాలో ఆర్కిటిక్ వలయానికి పైనున్న వాంకోర్ క్షేత్రంలో మన ప్రభుత్వ కంపెనీలకు మొత్తం 49.9 శాతం వాటా ఉంది. 2022 తర్వాత అక్కడి డివిడెండ్లు రష్యా బ్యాంకుల్లోనే ఇరుక్కున్నాయి. రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్‌తో గెయిల్‌కు ఏడాదికి 25 లక్షల టన్నుల ఎల్‌ఎన్‌జీ ఒప్పందం 20 ఏళ్లకు ఉంటే, 2022 మేలో సరఫరా ఆగిపోయింది. వాంకోర్ నేల మీది క్షేత్రం, అప్పటికే నడుస్తున్నది. అందులోనే ఇంత ఇరుకు ఉంటే మంచు సముద్రంలో కొత్త బ్లాకు సంగతి చెప్పాలా?

బొగ్గు బదులు గ్యాస్ కాబట్టి వాతావరణానికి మేలే కదా అన్నది గౌరవించాల్సిన ప్రశ్న. అయితే 20 ఏళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు వేడెక్కిస్తుంది. బావి నుంచి బర్నర్ దాకా సుమారు 3 శాతం కారితే బొగ్గు మీద గ్యాస్‌కు ఉన్న మేలు ఆ లెక్కలో పోతుంది. దూరం పెరిగేకొద్దీ, మనిషి చేరలేని వాల్వులు పెరిగేకొద్దీ ఆ 3 శాతానికి దగ్గరవుతాం. ఇంకొకటి. కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మన మధ్య భారతంలో సెప్టెంబర్ చివర కుండపోత వానలకూ సంబంధం కనిపిస్తోందని గోవాలోని మన ధ్రువ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలే 2021లో ప్రచురించారు. నార్వే ఆర్కిటిక్ దీవులు స్వాల్‌బార్డ్‌లో 2008 నుంచి హిమాద్రి కేంద్రాన్ని నడుపుతున్నది ఆ సంబంధం అర్థం చేసుకోవడానికే. ఒక శాఖ డబ్బు పెట్టి చదువుతున్న సముద్రంలో ఇంకో శాఖ డబ్బు పెట్టి రిగ్ దింపడం పొంతన లేని పని.

అక్కడ మనుషులున్నారన్నది మన కాగితాల్లో ఎక్కడా కనిపించదు. అన్వేషణ రిగ్‌తో మొదలవదు, సీస్మిక్ సర్వేతో, అంటే ధ్వని తరంగాలతో నేల పొరలను చూడడంతో మొదలవుతుంది. ఓడ వెనక ఎయిర్‌గన్‌ల వరుస, 2,000 పీఎస్‌ఐ గాలి, 10, 15 సెకన్లకొక పేలుడు, రాత్రింబవళ్లు, వారాల తరబడి. తిమింగలాలు దారి మార్చుకుంటాయి. వాటినే తిని బతికే ఊళ్లకు అది తిండి సమస్య. కెనడా క్లైడ్ రివర్‌లో వెయ్యి మంది ఇనూయిట్‌లు ఉంటారు. సర్వే గురించి వాళ్లు అడిగిన ప్రశ్నలకు కంపెనీలు 3,926 పేజీల పత్రం ఇచ్చాయి. చాలావరకు ఇంగ్లిషులో, నెట్ సరిగా రాని ఊరికి, ఇంటర్నెట్‌లో పెట్టి. తిమింగలాల మీద ప్రభావమేమిటన్న అసలు ప్రశ్నకు సరైన జవాబు అందులోనూ లేదు. 2017 జూలై 26న కెనడా సుప్రీంకోర్టు ఆ అనుమతి రద్దు చేసింది. రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో నెనెట్స్ పశుపోషకులకు 2013 నవంబర్‌లో మంచు మీద వాన పడి, అది గడ్డకట్టి, రెయిన్‌డీర్లకు మేత అందక 61,000 చచ్చిపోయాయి. అలాంటి ఏడాదిలో మందను వేరే మేతకు తోలుకుపోవాలి. దారిలో పైపులైన్లు, రైలు కట్టలు అడ్డం పడకూడదు.

'మనం కాకపోతే చైనా వెళ్తుంది' అంటారు. వెళ్లనివ్వండి. అదుపు తప్పిన బావికి వాటాదారు ఎవరన్నది ముఖ్యమే. 2018లో అయిదు తీరదేశాలు, చైనా, జపాన్, కొరియా, ఐస్‌లండ్, యూరోపియన్ యూనియన్ కలిసి మధ్య ఆర్కిటిక్ సముద్రంలో వాణిజ్య చేపల వేటను, ఇంకా ఎవరూ మొదలుపెట్టకముందే, 16 ఏళ్లకు ఆపుకున్నాయి. చేపల విషయంలో కుదిరిన ముందుజాగ్రత్త గ్యాస్ విషయంలో ఎందుకు కుదరదు? ఆ మాట అడగడానికి 2013 నుంచి ఆర్కిటిక్ కౌన్సిల్‌లో పరిశీలక హోదా ఉన్న దేశం మనది.

దక్షిణ ధ్రువం సంగతి చట్టంగానే తేలిపోయింది. అంటార్కిటికా పర్యావరణ రక్షణ ఒప్పందమైన మాడ్రిడ్ ప్రోటోకాల్ 7వ అధికరణం ఖనిజ తవ్వకాలను నిషేధించింది, మన 2022 అంటార్కిటిక్ చట్టం కూడా అదే చెప్పింది. 2048తో ఆ నిషేధం తీరిపోతుందని పత్రికల్లో కొందరు రాస్తుంటారు. అది తప్పు. అప్పటినుంచి సమీక్ష అడగవచ్చు, అంతే. మన ప్రతినిధులు ఈ తప్పుడు గడువును ఎక్కడా ఒప్పుకోకూడదు.

మంత్రిత్వ శాఖను మేం కోరుతున్నవి ఇవి. ఏడాదిలో ఏ నెలలోనైనా గడ్డకట్టే సముద్రంలో కొత్త అన్వేషణ లైసెన్సులో వాటా తీసుకోరాదని ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియాలకు లిఖితపూర్వక ఆదేశం ఇవ్వండి. ఆర్కిటిక్ విధానంలో 'బాధ్యతాయుతం' అన్న చోట అదే సీజన్ రిలీఫ్ వెల్, 24 గంటల్లో క్యాపింగ్ స్టాక్, ఆ సముద్రంలోనే కాచుకునే రెండో రిగ్ అన్న మూడు షరతులు అక్షరాలా రాయించండి. నేల మీద ఇప్పటికే ఉన్న వాటాల విషయంలో కేసింగ్ షూ ఎక్కడ కూర్చుంది, పర్మాఫ్రాస్ట్ ఉష్ణోగ్రత ఏటా ఎంత మారుతోంది అన్న రికార్డులు ఆపరేటర్ నుంచి అడిగి తెప్పించుకోండి. వాటాదారుగా ఆ హక్కు మనకుంది. ధ్రువ ప్రాంతాల నుంచి కొనే ప్రతి ఎల్‌ఎన్‌జీ ఒప్పందంలో బావి నుంచి ఓడ దాకా కొలిచిన మీథేన్ లీకు లెక్క జతచేయాలని గెయిల్‌కు చెప్పండి. అంచనా లెక్క కాదు, కొలిచిన లెక్క. అక్కడ పెట్టాలనుకునే డబ్బులో కొంత తాటిపాక నుంచి విజయవాడ దాకా ఉన్న పాత లైన్ల లోపలి తుప్పు తనిఖీకి, కోనసీమలో వదిలేసిన బావుల సిమెంట్ ప్లగ్గుల పరీక్షకు మళ్లించండి.

వీటి మీద సాంకేతిక కమిటీ వేస్తే, బావి డిజైన్లు, రిలీఫ్ వెల్ రోజుల లెక్కలు, కిల్ మడ్ పరిమాణాలతో సహా కమిటీ ముందు పెట్టడానికి మేం సిద్ధంగా ఉన్నాం. మా లెక్కల్లో తప్పుంటే చూపించమని పాలకమండళ్లలోని డైరెక్టర్లను, ముఖ్యంగా డ్రిల్లింగ్ నుంచి వచ్చినవారిని, ఇదే లేఖ ద్వారా అడుగుతున్నాం.

ఇట్లు,
డ్రిల్లింగ్, వెల్ కంట్రోల్, పైపులైను రంగాల తెలుగు ఇంజనీర్లు